ఎక్కే దారికి ఒకటి, దిగే దారికి ఇంకొకటి: పిస్ట్ దాటి స్కీ చేసేవారికి బట్టలు, రక్షణ సామగ్రి

మొన్న శుక్రవారం రాత్రి స్టుట్‌గార్ట్ నుంచి మాకు తమ్ముడి వరసయ్యే కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, ఎయిర్‌బ్యాగ్ బ్యాక్‌ప్యాక్ ఆఫర్‌లో ఉంది, తొమ్మిది వందల యూరోలు. కార్ట్‌లో పెట్టేశాను, కొట్టేయమంటావా?"

"బీకన్ ఉందా?" అన్నాను. లేదు. "పార?" అన్నాను. "పార ఎందుకన్నా, ఎయిర్‌బ్యాగ్ ఉంటే పైనే తేలతాం కదా."

బీకన్ అంటే ఒంటికి కట్టుకునే చిన్న రేడియో పరికరం: మంచు కింద పడినవారి సిగ్నల్ పంపుతుంది, పైనున్నవారు దాంతోనే వెతుకుతారు. ఎయిర్‌బ్యాగ్ అంటే హ్యాండిల్ లాగితే వీపు మీద ఉబ్బే సంచి. వాణ్ణి తప్పుపట్టలేను. షాపులో మెరిసేది ఎయిర్‌బ్యాగే. పార ఎక్కడో మూల గోడకి వేలాడుతుంటుంది. ఆ రాత్రి గంటసేపు మాట్లాడుకున్నదే ఇక్కడ కాస్త వరసగా రాస్తున్నాను. నేనుండేది మ్యూనిక్‌లో, వెళ్ళేది ఎక్కువగా ఆస్ట్రియాలోని టిరోల్ కొండలకి. గైడ్‌ని కాను. డబ్బు వేస్ట్ చేసుకుని నేర్చుకున్న మామూలు మనిషిని.

కొత్తవారి కోసం ఒక మాట. రిసార్ట్ వాళ్ళు మెషీన్లతో చదును చేసి, కాపలా కాసే దారి పిస్ట్. దాని అవతల చదును చేయని మంచులో దిగడం ఆఫ్-పిస్ట్. లిఫ్ట్ లేకుండా, స్కీల అడుగున వెనక్కి జారనివ్వని పట్టీలు, అంటే స్కిన్లు, అంటించుకుని, కొండ నడిచి ఎక్కి దిగడం స్కీ టూరింగ్. రెండింటిలోనూ మంచుచరియల భయం ఒకటే. బట్టల లెక్క మాత్రం పూర్తిగా వేరు.

కొనే ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది, పైకి ఎలా వెళ్తారు? లిఫ్ట్‌లో కూర్చుని వెళ్ళేవారికి శత్రువు చలి. నడిచి ఎక్కేవారికి శత్రువు చెమట. మామూలు టూరర్ గంటకి 300 నుంచి 400 మీటర్ల ఎత్తు ఎక్కుతాడు. అంటే రెండు మూడు గంటలు ఆగకుండా మెట్లెక్కినట్టే. ఈ ఒక్క ప్రశ్నకి జవాబు దొరికితే బట్టల్లో సగం గొడవ తీరిపోతుంది.

రెండోది, ఏడాదికి ఎన్ని రోజులు? మూడు నాలుగు రోజులే అయితే చాలా సామాన్లు అద్దెకి తెచ్చుకోవడమే తెలివి. మూడోది, విమానం ఎక్కాలా? ఎయిర్‌బ్యాగ్ ఎంపికని ఇది తలకిందులు చేస్తుంది. నాలుగోది చాలామంది అడగనిది: పక్కన ఎవరుంటారు? మీరు మంచు కింద ఉంటే మీ జేబులోని ఖరీదైన సామాను మిమ్మల్ని తవ్వి తీయదు. తీయాల్సింది పక్కవాడు. అతని దగ్గర ఏముంది, దాన్ని వాడటం అతనికి వచ్చా రాదా అన్నది మీ ఎయిర్‌బ్యాగ్ బ్రాండ్ కంటే ముఖ్యం.

బట్టలు: చెమటతో బేరం

లంబసింగి చలే చలి అనుకుని పెరిగిన నర్సీపట్నం వాణ్ణి నేను. మొదటి టూర్ రోజు కార్ పార్కింగ్‌లో మైనస్ 8. థర్మల్, దాని మీద ఫ్లీస్, దాని మీద దూది కూరిన స్కీ జాకెట్, నెత్తిన అమ్మ పంపిన మంకీ క్యాప్. ఇరవై నిమిషాల్లో వీపు మీద చెమట ధార కట్టింది. అందరూ ముందుకు పోతున్నారు, ఆగి విప్పడానికి మొహమాటం. శిఖరం మీద స్కిన్లు పీకడానికి ఆగిన పది నిమిషాల్లో ఆ తడంతా చల్లబడింది. జాకెట్ జిప్ లాగుదామంటే వేళ్ళు మాట వినలేదు. పక్కనున్న జర్మన్ ఆవిడ, చిన్నపిల్లాడికి చేసినట్టు, నా జిప్ గడ్డం దాకా లాగి పెట్టింది.

టూరింగ్‌లో బయల్దేరేటప్పుడు కాస్త వణకాలి. కదలకముందే వెచ్చగా ఉందంటే ఒక పొర ఎక్కువైనట్టే.

*ఒంటికి అంటే పొర.* పోటీ మెరినో ఉన్నికీ, సింథటిక్‌కీ. మెరినో తడిసినా కొంత వెచ్చదనం ఉంచుతుంది, మూడు రోజులు వేసినా వాసన రాదు. కానీ మెల్లగా ఆరుతుంది, త్వరగా చిరుగుతుంది, ధర ఎక్కువ. సింథటిక్ చవక, గబగబా ఆరుతుంది, సాయంత్రానికి రైల్లో పక్కవాళ్ళు జరిగి కూర్చుంటారు. ఒక్కరోజు టూర్లకి నేను పల్చటి సింథటిక్ వేసి, పొడి చొక్కా ఒకటి బ్యాగులో పెట్టుకుంటాను. పైకి చేరగానే మార్చుకోవడం అన్నిటికంటే చవకైన హీటర్. రాత్రులు కొండ మీది గుడిసెల్లో గడిపే మూడు నాలుగు రోజుల టూర్లకి మాత్రం చదరపు మీటరుకి 150 గ్రాముల మెరినో. లిఫ్ట్‌లో వెళ్ళేవారు 200 గ్రాములది తీసుకోవచ్చు.

కాటన్ వద్దని అందరూ చెబుతారు. మనవాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాల్సింది బనియన్ గురించి. పైన ఎనభై యూరోల మెరినో వేసి లోపల కాటన్ బనియన్ ఉంచుకునేవాళ్ళని చూశాను. అద్దంలో. లోదుస్తులు సహా ఏదీ కాటన్ కాకూడదు.

*పై పొర.* ఇక్కడ మూడు దారులు. హార్డ్‌షెల్ అంటే గోర్‌టెక్స్ లాంటి పొర ఉన్న, గాలీ నీరూ చొరబడని జాకెట్. మూడు పొరలు కలిపి అతికించినది ఎక్కువ కాలం మన్నుతుంది. సాఫ్ట్‌షెల్ సాగుతుంది, గాలి ఆడుతుంది, చిన్నపాటి మంచు తుంపరని ఆపుతుంది, గట్టి వానకి లొంగిపోతుంది. మూడోది చాలామంది దగ్గర ఇప్పటికే ఉన్న, లోపల దూది ఉన్న మామూలు స్కీ జాకెట్. లిఫ్ట్ రోజులకి అది చాలు, కొత్తది కొనకండి. నడిచి ఎక్కడానికి మాత్రం పనికిరాదు, వేడి ఎక్కువైనప్పుడు అందులోంచి దూదిని విప్పి పక్కన పెట్టలేం కాబట్టి.

ట్యాగు మీద 20,000 మిల్లీమీటర్లు అని కనిపించే అంకె నీటిని ఎంత ఆపుతుందో చెబుతుంది. టూరర్లకి అంతకంటే ముఖ్యం చెమట ఆవిరి బయటికి పోవడం. కొన్ని కంపెనీలు దాన్ని రెట్ అనే అంకెతో చూపిస్తాయి. ఈ అంకె ఎంత తక్కువైతే అంత మంచిది, 6 లోపు ఉంటే చాలా బాగా ఆవిరి వదులుతున్నట్టు. అయినా ఏ బట్టా చంకల కింది జిప్‌కి సాటి రాదు. ఆ జిప్‌లు లేని హార్డ్‌షెల్ ఎంత ఖరీదైనదైనా నేను కొనను.

| | లిఫ్ట్‌తో ఆఫ్-పిస్ట్ | నడిచి టూరింగ్ |
|---|---|---|
| ఒంటి పొర | 200 గ్రాముల మెరినో | పల్చటి సింథటిక్, బ్యాగులో పొడిది ఒకటి |
| మధ్య పొర | మందపాటి ఫ్లీస్ | గళ్ళ అల్లిక ఉన్న పల్చటి ఫ్లీస్ |
| జాకెట్ | మూడు పొరల హార్డ్‌షెల్, లేదా ఉన్న స్కీ జాకెట్ | ఒంటి మీద సాఫ్ట్‌షెల్, బ్యాగులో తేలికపాటి హార్డ్‌షెల్ |
| ప్యాంటు | భుజాల మీదికి వచ్చే బిబ్ | తొడల పక్క జిప్ ఉన్న సాఫ్ట్‌షెల్ |
| ఆగినప్పుడు | అక్కర్లేదు | దూది జాకెట్ తప్పనిసరి |

బిబ్ గురించి ఒక్కమాట. నడుము లోతు మంచులో పడినప్పుడు లోపలికి మంచు దూరదు, అది పెద్ద సుఖం. బాత్‌రూమ్‌లో అది పెద్ద కష్టం. ఆడవాళ్ళు వెనక జిప్‌తో విడిపోయే మోడల్ చూసుకోవాలి.

ఆగినప్పుడు వేసుకునే జాకెట్‌లో డౌన్, అంటే బాతు ఈకలది, అదే బరువుకి ఎక్కువ వెచ్చన. తడిస్తే ముద్దైపోతుంది. సింథటిక్ దూది తడిసినా పనిచేస్తుంది. ఆల్ప్స్‌లో మార్చి నెల తడిమంచుకి సింథటిక్, గుల్మార్గ్ జనవరి పొడిచలికి డౌన్ అని నా లెక్క.

*చేతులు, కళ్ళు.* గ్లవ్స్ రెండు జతలు, ఇందులో చర్చే లేదు. ఎక్కడానికి పల్చటివి, దిగడానికి మందమైనవి. చలికి వేళ్ళు త్వరగా మొద్దుబారేవారు నాలుగు వేళ్ళూ ఒకే గదిలో ఉండే మిట్టెన్ తీసుకోవాలి. బ్యాటరీతో వేడెక్కే గ్లవ్స్ మనవాళ్ళని బాగా ఊరిస్తాయి. అవి బీకన్ సిగ్నల్‌కి అడ్డుపడగలవు, వాటి మీద ఆధారపడకండి. గాలిని తక్కువ అంచనా వేయొద్దు: మైనస్ 10లో గంటకి 40 కిలోమీటర్ల గాలి ఉంటే ఒంటికి మైనస్ 21లా తగులుతుంది.

కొత్తగా కురిసిన మంచు అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిరిగి మన ముఖం మీదికే కొడుతుంది. ఎక్కేటప్పుడు గాగుల్స్ పెట్టుకుంటే ఆవిరి పట్టేస్తుంది, నుదుటి మీదికి తోస్తే చెమటకి ఇంకా పట్టేస్తుంది. కాబట్టి ఎక్కడానికి కేటగిరీ 3 (అద్దం ఎంత ముదురో చెప్పే అంకె) చలువ కళ్ళజోడు, దిగడానికి గాగుల్స్. హిమానీనదాల మీద ఎండరోజుకి కేటగిరీ 4 బాగుంటుంది. దానితో కారు నడపకూడదు.

హెల్మెట్‌లో చూడాల్సింది లోపలి స్టిక్కర్. ఈఎన్ 1077 స్కీయింగ్‌ది. ఈఎన్ 12492 పర్వతారోహణది, పైనుంచి రాళ్ళు పడటాన్ని దృష్టిలో పెట్టుకున్నది. లిఫ్ట్ జనానికి మొదటిది చాలు. టూరింగ్‌కి రెండూ ఉన్నవి దొరుకుతున్నాయి, వాటిలో గాలి రంధ్రాలు పెద్దగా ఉన్నది తీసుకోండి. వేడిగా ఉందని తీసి బ్యాగుకి తగిలించే హెల్మెట్ ఎందుకూ కొరగాదు.

ప్రాణాలకి సంబంధించినవి: బీకన్, ప్రోబ్, పార

స్విట్జర్లాండ్ ప్రమాదాల మీద 2024లో వచ్చిన అధ్యయనం ప్రకారం, మంచు కింద పూర్తిగా కూరుకుపోయినవారిని 10 నిమిషాల్లోపు తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతున్నారు. అరగంటకి అది ముగ్గురిలో ఒకరి దాకా పడిపోతుంది. పది నిమిషాల్లో ఏ హెలికాప్టరూ రాదు. ఆస్ట్రియాలో 140కి, స్విట్జర్లాండ్‌లో హెలికాప్టర్ రెస్క్యూ సంస్థ రేగా వాళ్ళ 1414కి ఫోన్ చేయాల్సిందే. కానీ పది నిమిషాల పని పక్కనున్నవాళ్ళది. అందుకే ఈ మూడూ ఒక్కటే సామాను అనుకోవాలి. బీకన్ ఉండి పార లేకపోతే, మనిషి ఎక్కడున్నాడో తెలిసి కూడా చేతులతో గీరుతూ కూర్చోవాలి. చరియ ఆగిన మరుక్షణం మంచు సిమెంటులా బిగుసుకుంటుంది. మిట్టెన్‌తో తవ్వి చూస్తే తెలుస్తుంది.

*బీకన్.* అన్ని బ్రాండ్లూ 457 కిలోహెర్ట్జ్ మీదే మాట్లాడుకుంటాయి, కాబట్టి మీది ఒకటి, స్నేహితుడిది ఇంకొకటి అయినా బాధ లేదు. డిజిటల్‌ది, మూడు యాంటెనాలు ఉన్నది, దొరికిన సిగ్నల్‌ని మార్క్ చేసి పక్కన పెట్టగలిగేది అయితే చాలు. సుమారు 250 నుంచి 400 యూరోలు. ధర పెరిగే కొద్దీ వచ్చేవి బ్లూటూత్, రంగుల స్క్రీను, కాస్త ఎక్కువ దూరం. మొదటిసారి కొనేవారికి నా ఓటు తక్కువ బటన్లున్న మోడల్‌కే. మంచులో చేతులు వణుకుతూ, స్నేహితుడు కనబడకుండా పోయిన నిమిషంలో మెనూలు వెతుక్కోలేం.

సెకండ్ హ్యాండ్ బీకన్ వద్దు, ముఖ్యంగా ఒకటి రెండు యాంటెనాల పాతవి. అద్దెకి తెచ్చినదైనా మూత తీసి చూడండి. ఒకసారి ఒక షాపులో నాకు ఇచ్చిన దాని బ్యాటరీ గదిలో పచ్చటి తుప్పు పట్టి ఉంది. ఆన్ అయింది, స్క్రీను వెలిగింది, కదిపితే ఆరిపోయింది. కౌంటర్ మీద ఉండగానే తెలిసింది కాబట్టి సరిపోయింది. సొంతదైతే కంపెనీ చెప్పిన రకం బ్యాటరీలే వేయాలి, చాలావాటికి ఆల్కలైన్. సీజన్ అయ్యాక తీసేయాలి. ఫోన్‌ని బీకన్‌కి 20 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి, వెతికేటప్పుడు 50. మన ఫోన్ యాప్ ఏదీ బీకన్ పని చేయదు.

*ప్రోబ్.* మడతపెట్టే పొడవాటి కడ్డీ. 240 సెంటీమీటర్లది కనీసం, 280 దాటితే మంచిది. కార్బన్‌ది తేలిక, అల్యూమినియంది చవక, గట్టి. నేను అల్యూమినియమే అంటాను. ప్రోబ్ నేర్పేది చేతికే: మంచులోకి సర్రున దిగుతుంది, నేలకి ఠక్కుమంటుంది, మనిషికి తగిలితే పరుపుని పొడిచినట్టు కాస్త వెనక్కి తంతుంది. ప్రాక్టీస్‌లో పూడ్చిన బ్యాగు మీద ఒక్కసారి ఆ తాకిడి తెలిస్తే ఇక మర్చిపోరు. తగిలాక కడ్డీని పీకకూడదు, దాని వెంటే తవ్వుకుంటూ పోవాలి.

*పార.* ప్లాస్టిక్‌ది వద్దు, అల్యూమినియం రేకు ఉన్నది, పొడుగు సాగే పిడి ఉన్నది కావాలి. మిట్టెన్ వేసుకునేవారికి గుండ్రంగా పట్టుకునే పిడి సులువు. కొన్నిటిలో రేకుని అడ్డంగా తిప్పి బిగించవచ్చు. అప్పుడది అచ్చం మన ఊళ్ళో కాలవ గట్టు మీద వాడే పార. ముందువాడు తవ్వుతుంటే వెనకవాడు మంచుని తనవైపు లాగి పారేయడానికి అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. మాలో మొదటిసారే దాన్ని సరిగ్గా పట్టుకున్నది తణుకు నుంచి వచ్చిన రైతు కొడుకే. జర్మన్ మిత్రులు వాణ్ణి చూసి నేర్చుకున్నారు.

ముగ్గురికీ మూడు సామాన్లు ఉండి, ఒక్కరికే వాడటం వస్తే ఎలాగూ లాభం లేదు. ఆల్ప్స్‌లో చాలా రిసార్ట్‌ల దగ్గర పూడ్చిన ట్రాన్స్‌మిటర్లతో ప్రాక్టీస్ మైదానాలు ఉంటాయి. సీజన్ మొదటి రోజు అక్కడ గంట గడపండి. మేము మొదటిసారి పార్కింగ్ పక్క మంచులో టిఫిన్ డబ్బాలో పెట్టి పూడ్చిన బీకన్‌ని దొరికించుకోవడానికి పదకొండు నిమిషాలు పట్టింది, అదీ ఏ టెన్షనూ లేకుండా.

ఎయిర్‌బ్యాగ్: కొనాలా వద్దా

చరియలో మంచు గడ్డలన్నీ కదులుతున్నప్పుడు పెద్దవి పైకి, చిన్నవి కిందికి చేరతాయి. అటుకుల డబ్బా కుదిపితే వేరుశెనగ గుళ్ళు పైకి వచ్చినట్టు. ఎయిర్‌బ్యాగ్ మనిషిని పెద్ద గడ్డగా మారుస్తుంది. 2014లో వచ్చిన ఒక అధ్యయనం పెద్ద చరియల్లో చిక్కినవారిని పోల్చి చూసింది: తెరుచుకున్న ఎయిర్‌బ్యాగ్ ఉన్నవారిలో మరణాలు 11 శాతం, లేనివారిలో 22. సగానికి సగం తగ్గడం చిన్న విషయం కాదు. అదే అధ్యయనంలో ఐదింట ఒక వంతు బ్యాగులు అసలు తెరుచుకోలేదు, ఎక్కువసార్లు మనిషే హ్యాండిల్ లాగలేదు. చెట్లకో బండలకో కొట్టుకుంటే, లోయలాంటి గుంటలోకి మంచు వచ్చి నిండితే ఇది పెద్దగా కాపాడదు. తొడల మధ్య పట్టీ బిగించకపోతే బ్యాగు ఒకవైపు, మనిషి ఒకవైపు.

| | గ్యాస్ సిలిండర్ | విద్యుత్ ఫ్యాన్ |
|---|---|---|
| బరువు | తేలికైనవి దొరుకుతాయి | సాధారణంగా కొంచెం ఎక్కువ |
| ధర | తక్కువ | ఎక్కువ |
| ప్రాక్టీస్ | ప్రతిసారీ సిలిండర్ నింపాలి లేదా మార్చాలి | ఛార్జ్ పెడితే చాలు, ఎన్నిసార్లైనా |
| చలి | పెద్ద తేడా ఉండదు | లిథియం బ్యాటరీ నీరసిస్తుంది, బ్యాటరీ బదులు కరెంటు దాచే సూపర్‌కెపాసిటర్ తట్టుకుంటుంది |
| విమానం | ఎయిర్‌లైన్ ముందస్తు అనుమతి, అమెరికాలో నిండు సిలిండర్ కుదరదు | చాలా సులువు |

కారులో, రైల్లో కొండలకి వెళ్ళే మ్యూనిక్, జ్యూరిక్ వాళ్ళకి గ్యాస్‌ది బేషుగ్గా సరిపోతుంది. విమానం ఎక్కేవారు ఎలక్ట్రిక్ వైపే చూడాలి, సెక్యూరిటీ దగ్గర సిలిండర్ గురించి వాదించే ఓపిక ఉంటే తప్ప. పైకి నడిచేవారికి ఇంకో లెక్క: అదనపు కిలోన్నర రోజంతా భుజాల మీద ఉంటుంది, అలసట కూడా తప్పటడుగులు వేయిస్తుంది. లిఫ్ట్‌లో ఎక్కి రోజుకి పది సార్లు వాలు దిగేవారికి ఆ బరువు తెలియదు. ఎయిర్‌బ్యాగ్ ముందు కొనాల్సింది వాళ్ళే.

జాకెట్‌లో కుట్టి వచ్చే రెకో రిఫ్లెక్టర్‌ని (సిగ్నల్‌ని వెనక్కి కొట్టే చిన్న పట్టీ) చూసి బీకన్ అక్కర్లేదనుకునేవాళ్ళూ ఉన్నారు. అది రెస్క్యూ బృందాల దగ్గరుండే డిటెక్టర్‌కి మాత్రమే దొరుకుతుంది. పక్కనున్న స్నేహితుడికి కాదు.

ఎవరికి ఏది

ఏడాదికి మూడు నాలుగు రోజులు వెళ్ళేవారు బీకన్, ప్రోబ్, పార అద్దెకి తీసుకోండి. జర్మన్ ఆల్పైన్ క్లబ్ శాఖలు చాలావాటిలో సభ్యులకి తక్కువకే ఇస్తారు. మిగిలిన డబ్బుతో రెండు రోజుల అవలాంచ్ (మంచుచరియల) కోర్సు చేయండి. కొనాల్సింది ఒంటి పొర, గ్లవ్స్, కళ్ళజోడు మాత్రమే.

పది రోజులు దాటితే బీకన్ సొంతది ఉండాలి, ఎందుకంటే చేతికి అలవాటైన బటన్లే తొందరలో పనికొస్తాయి. తర్వాత హార్డ్‌షెల్. ఎయిర్‌బ్యాగ్ మూడో శీతాకాలానికి. ఎన్ని కొన్నా సాయంత్రం 5 గంటలకి వచ్చే అవలాంచ్ బులెటిన్ చదవడం ఉచితమే. 1 నుంచి 5 దాకా ఉండే ఆ ప్రమాద స్కేల్‌లో 3 అంటే మధ్యస్థం అనుకుని చాలామంది మోసపోతారు. ప్రాణాలు పోయే ప్రమాదాల్లో పెద్ద వాటా బులెటిన్ 3 చూపించిన రోజుల్లోనే. అలాంటి రోజు నేను 30 డిగ్రీల కంటే నిటారు వాలు జోలికి పోను.

హైదరాబాద్ నుంచి గుల్మార్గ్ వెళ్ళేవారి సంగతి కాస్త వేరు. గోండోలా (కేబుల్ కారు) రెండో దశ మిమ్మల్ని తిన్నగా అఫర్వాత్ మీద దాదాపు 3,950 మీటర్ల ఎత్తులో దింపుతుంది. స్టేషన్ దాటి నాలుగడుగులు వేస్తే ఆఫ్-పిస్టే. అది లిఫ్ట్ స్కీయింగ్ కాబట్టి బట్టల పట్టికలో లిఫ్ట్ వరస మీది, దానికి తోడు డౌన్ జాకెట్. 2023 ఫిబ్రవరిలో ఇద్దరు పోలండ్ స్కీయర్లు, 2024 ఫిబ్రవరిలో ఒక రష్యన్ స్కీయర్ అక్కడి చరియల్లోనే చనిపోయారు. మీ గైడ్ బీకన్ వేసుకోమని చెప్పడమే కాదు, బయల్దేరే ముందు ఒక్కొక్కరి సిగ్నలూ చెక్ చేస్తున్నాడో లేదో చూడండి. చేయకపోతే గైడ్‌ని మార్చండి.

స్టుట్‌గార్ట్ తమ్ముడు ఆ రాత్రే కార్ట్ ఖాళీ చేశాడు. మర్నాడు మూడూ ఉన్న సెట్ ఆర్డర్ పెట్టి స్క్రీన్‌షాట్ పంపాడు. కింద ఇంకో మెసేజ్: "అన్నా, నువ్వు కూడా శనివారం వస్తావు కదా. నన్ను వెతకడం నీకు వచ్చో రాదో నేను చూడాలి."